రంగు ఉండాలె, ఘాటు ఉండొద్దు

మా వరంగల్ చపాట మిర్చికి 2025ల జీఐ ట్యాగ్ వచ్చింది, అంటే ఈ సరుకు ఈ గడ్డదే అని సర్కారు ముద్ర. తెల్వనోళ్ల కోసం చెప్తున్న, చపాట అంటే పొట్టిగ లావుగ టమాట లెక్క ఉంటది, కొందరు టమాట మిర్చి అనే పిలుస్తరు. దాని గొప్పతనం ఏందంటే రంగు మస్తు, కారం తక్కువ. తొక్కుల ఏస్తే జాడీ మొత్తం ఎర్రగైతది గని తిన్నోని కండ్లల్ల నీళ్లు రావు.

ఎదురు మాట్లాడేటోన్ని, కొత్తగ ఆలోచించేటోన్ని ఒక మంచి సమాజం ఎట్ల సాదుకోవాలె అని పెద్ద పెద్దోళ్లు పుస్తకాలు రాస్తరు, సెమినార్లు పెడతరు, నేను గూడ రెండు మూడు సెమినార్లల్ల లంచ్ దాక కూసున్న. జవాబు మాత్రం నాకు ఏనుమాముల మార్కెట్ల మిర్చి బస్తాల నడుమ నిలవడ్డప్పుడు దొరికింది. మనకు కావాల్సింది చపాట మనిషి. చూస్తే ఎర్రగ ఉండాలె, స్టేజీ మీద ఫొటోకు మంచిగ రావాలె, కొరికితే మాత్రం సప్పగ ఉండాలె.

వేరే దేశాలల్ల ప్రశ్న అడిగినోన్ని జైల్ల ఏస్తరు, లేకపోతే అసెంబ్లీకి పంపుతరు, రెండూ ఖర్చుతోని కూడిన పనులే. మేము మూడో తొవ్వ కనిపెట్టినం, శాలువ. సన్నగ గొంతు లేస్తుందని అనుమానం రాంగనే పిలిచి సన్మానం చేస్తం. శాలువ కప్పుకున్న మనిషి చెయ్యి లేపలేడు, లేపితే శాలువ జారుతది. ఇది సైన్స్.

మెల్లగ చెప్త, తొందర లేదు.

సెప్టెంబర్ 9 కాళోజీ పుట్టిన రోజు, తెలంగాణ భాషా దినోత్సవం. ఆయన 1914ల పుట్టిండు, నిజాం కాలంల జైలుకు పోయిండు, ఎమర్జెన్సీ అయినంక సత్తుపల్లి పోయి ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద ఎలక్షన్ల నిలవడి ఓడిపోయిండు, తన కవిత్వానికి వేరే ఏ మంచి పేరూ దొరకనట్టు ‘నా గొడవ’ అని పెట్టుకున్నడు. బడిల నేర్పే పలుకులు కాదు జనం నోట్ల ఉన్న పలుకుబడే భాష అని బతికినన్ని రోజులు కొట్లాడిండు. ఇంత ఘాటున్న సరుకును మనం ఏం చేసినం? హెల్త్ యూనివర్సిటీకి ఆయన పేరు పెట్టినం. కవి పేరు మెడికల్ సర్టిఫికెట్ మీద ఏందని కొందరు అడుగుతరు, నాకైతే అది కరెక్టే అనిపిస్తది, ఎందుకంటే మన దగ్గర ప్రశ్న అడుగుడు ఒక జబ్బు, జబ్బుకు సంబంధించిన సంస్థకే పేరు పెట్టాలె గదా. హన్మకొండల ఆయన పేరు మీద కళాక్షేత్రం గూడ ఉన్నది, 2014ల పునాది రాయి, 2024ల ఓపెనింగ్. పదేండ్లా అని నోరు తెరిచేటోళ్లకు ఓపిక లేదు, కళ అంటే గట్లనే నిదానంగ రావాలె.

సరే, మొన్నటి సెప్టెంబర్ 9కి ఒక కాలేజోళ్లు నన్ను వ్యాసరచన పోటీకి జడ్జిగ పిలిచిన్రు. కాలేజీ పేరు చెప్ప, మంచి టిఫిన్ పెట్టిన్రు. బోర్డు మీద రంగు చాక్‌పీసులతోని టాపిక్ రాసిన్రు: ‘ప్రశ్నించడం మన సంస్కృతి’. దాని కిందనే నాలుగు రూల్స్. నాలుగోది ఏందంటే, ‘న్యాయనిర్ణేతల నిర్ణయమే తుది నిర్ణయం, ప్రశ్నించరాదు’. పైన పసుపుపచ్చ చాక్‌పీసు, కింద ఎరుపు. ఇద్దరు ఆడపిల్లలు ఆ బోర్డు చుట్టు పూల బొమ్మలు గీస్తున్నరు.

నలభై దాక పేపర్లు వచ్చినయ్. ముప్పై తొమ్మిదింట్ల మొదటి లైన్ ఒక్కటే, ‘ప్రశ్న అనేది ప్రగతికి సోపానం’. ఎవరు చెప్పిన్రో తెల్వది గని అందరికీ ఒకేసారి తోచింది, మన పిల్లలల్ల సృజన లేదనేటోళ్లు ఈ ఐకమత్యం చూడాలె. ఒక్క పేపర్ తేడా ఉండె. పరకాల దిక్కు పిలగాడు. ‘మా హాస్టల్ల పప్పు నీళ్లోలె ఉంటది, నిరుడు నుంచి అడుగుతున్నం, అడిగినప్పుడల్ల సార్ మమ్మల్నే అడుగుతడు మీ ఇంట్ల రోజూ బిర్యానేనా అని. సారుకు ప్రశ్న అడుగుడు మంచిగ వస్తది, జవాబు చెప్పుడే రాదు’ అని షురూ చేసిండు. మొత్తం మన యాసలనే రాసిండు. చదువుకుంట నాకు నవ్వాగలే, పక్కన కూసున్న తెలుగు మేడం గూడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వి, పెన్ను తీసి, ‘వస్తది’ కింద ఎర్ర గీత, ‘మంచిగ’ కింద ఎర్ర గీత, ‘షురూ’ కింద రెండు గీతలు. భాషాదోషాలకు పది మార్కులు కట్.

“మేడం, ఇయ్యాల మన భాషా దినమే గదా” అన్న నేను, చిన్నగ.

“అవును సార్, అందుకే ఇయ్యాలైన సక్కగ రాయాలె గదా” అన్నది.

ఆమెను తప్పు పట్టేటట్టు ఏం లేదు, ఆమె గూడ ఇంట్ల మాట్లాడేది ‘వస్తది, పోతది’నే, కని చేతికి ఎర్ర పెన్ను వచ్చినంక మనిషి మారుతది. నేను మాత్రం ఏం పీకిన? సంతకం పెట్టిన. మిర్చి మార్కెట్ల జెండా పాట అని ఉంటది, మంచి బస్తా ఒకటి ముందట పెట్టి పెద్ద రేటు పలుకుతరు, అది పేపర్ల వస్తది, వెనకొచ్చిన రైతుకు మాత్రం తేమ ఉన్నదని, తాలు ఉన్నదని కోతలు. గట్లనే కాళోజీకి జెండా పాట, పరకాల పిలగానికి తాలు రేటు.

ప్రైజులు ఇచ్చినంక ఆ పిలగాడు మెట్ల కాడ నన్ను పట్టుకున్నడు. “సార్, ప్రశ్నించొద్దు అంటే మరి ఆ టాపిక్ ఎందుకిచ్చిన్రు సార్?” అన్నడు. వెటకారం లేదు, నిజంగనే తెల్సుకుందామని అడిగిండు, అదే బాధ. నా భుజం మీద శాలువ ఉన్నది. “తమ్మీ, నాకు బస్సుకు టైమైతుంది” అన్న. నేను బైకు మీద పోయిన.

ఇగ అసలు సమస్యకు వస్త. ఈ పిలగాండ్లు ఎక్కడికెళ్లి పుడుతున్నరో కనిపెట్టకుండ పైపైన శాలువలు కప్పితే లాభం లేదు. నా అనుమానం పాలకుర్తి నీళ్ల మీద. మీరే చూడున్రి. పండితులంతా సంస్కృతంతోని పద్యాలు నింపుతుంటే, కాదు జాను తెనుగే, అంటే జనం మాట్లాడే తెలుగే కావాలె, జనం పాడుకునే ద్విపదే కావాలె అని బసవ పురాణం రాసిన సోమనాథుడు పాలకుర్తాయన. రాజులకు నా పుస్తకం అంకితం ఇయ్యను పో అని రామునికి ఇచ్చుకున్న పోతన బమ్మెర, అది గూడ అదే మండలం. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు పంట ఎత్కపోను వస్తే సంఘపోళ్లను తోడు తెచ్చుకొని వడ్లు తన ఇంటికే చేర్చుకున్న ఐలమ్మ గూడ పాలకుర్తే. 700 ఏండ్లల్ల ఒక్క మండలంల ముగ్గురు మాట విననోళ్లు! ఒకరు భాష మీద, ఒకరు రాజు మీద, ఒకరు దొర మీద. ఇది మామూలు ముచ్చటనా? వెంటనే ఆ నీళ్ల శాంపిల్ ల్యాబుకు పంపాలె, రిపోర్టు వచ్చేదాక ఆ దిక్కు పిల్లలకు వాటర్ బాటిళ్లే తాపియ్యాలె.

నిజం చెప్పాల్నంటే పాతకాలపోళ్లు ఈ విషయంల శాన అజాగ్రత్తగ ఉన్నరు. రామప్ప గుడి చూడున్రి, 1213ల కట్టిపిచ్చింది రేచర్ల రుద్రుడు, సేనాపతి, పైసలు ఆయనవి, శాసనం ఆయనది. కని జనం పిలిచేది ఎవరి పేరుతోని? చెక్కిన శిల్పి పేరు అంటరు. సేనాపతి పేరు యాది లేదు, ఉలి పట్టినోని పేరు యునెస్కో దాక పోయింది, 2021ల. గిసొంటి తప్పు మనం చెయ్యం. మా గల్లీల సీసీ రోడ్డుకు శిలాఫలకం పెట్టిన్రు, ఇరవై ఆరు పేర్లు, నేను లెక్కపెట్టిన, గౌరవనీయులు పద్నాలుగు మంది, విశిష్ట అతిథులు తొమ్మిది, మిగిలినోళ్లు ఆఫీసర్లు. సిమెంట్ కలిపిన మేస్త్రి పేరు లేదు. ఫలకం రోడ్డు కన్న గట్టిగ ఉన్నది.

రుద్రమదేవి విషయం గూడ గంతే. శాసనాలల్ల రుద్రదేవ మహారాజు అని మగ పేరు రాయించుకున్నది, ఏలింది మాత్రం తనే. ఇప్పుడు పంచాయతీలల్ల సగం సీట్లు ఆడోళ్లకు ఇచ్చినం, మా బంధువులామె సర్పంచైంది, ఫోన్ చేస్తే “సర్పంచ్ సాబ్ పొలం కాడికి పోయిండు” అని ఆమెనే చెప్తది. అప్పుడు ఆడమనిషి మగ పేరు పెట్టుకొని ఏలింది, ఇప్పుడు మగోడు ఆడమనిషి పేరు పెట్టుకొని ఏలుతుండు. మార్పు రాలేదనేటోళ్లకు కండ్లు లేవు.

మేడారం గురించి ఎక్కువ చెప్ప, మొక్కు ఉన్నది. కరువుల కప్పం కట్టం అని కాకతీయుల సైన్యం మీద తిరగబడ్డ తల్లీబిడ్డల జాతర అది, గుడి లేదు, విగ్రహం లేదు, రెండేండ్లకోసారి అంత జనం పోయి బెల్లమే బంగారమని ఇచ్చి వస్తరు. వాపస్ వచ్చినంక ఎవడన్న ఇంటి పన్ను ఎందుకు పెంచిన్రని అడిగితే, “జాతరకు పోయొచ్చి గిదేం బుద్ధిరా” అంటరు.

ఇట్లాంటి అజాగ్రత్తలన్నింట్ల నాకు మస్తు కోపం వచ్చేది పిట్టల దొర మీద. చిన్నప్పుడు మా ఊరికి వచ్చేటోడు. ఖాకీ లాగు, నెత్తిమీద టోపీ, భుజానికి కట్టె తుపాకి. నడి బజార్ల నిలవడి, మీ ఊరికి రైలు తెస్త, పెద్ద చెరువుల ఓడ ఏపిస్త, దొరవారి దొడ్డికి బంగారు తలుపులు పెట్టిస్త అని కోతలు కోసేటోడు. దొర మాట్లాడినట్టే మాట్లాడేది, పోలీస్ పటేల్ నడిచినట్టే నడిచేది, ఊరు ఊరంత పడి పడి నవ్వేది. నవ్వేటోళ్లల్ల పటేల్ గూడ ఉండె, బయటికి నవ్వుకుంట లోపట పండ్లు కొరుక్కుంట. ఆఖర్ల మా నాయనమ్మ చాటల వడ్లు తెచ్చి ఆయన జోలెల పోసేది, పటేల్ ఇంట్ల నుంచి గూడ పోసేటోళ్లు. అంటే అర్థమైతుందా, పెద్దోన్ని ఎక్కిరించే పనికి ఊరే జీతం కట్టింది! సాలుకోసారి వచ్చి తిట్టిపో అని. గంత పిచ్చి ఊర్లు.

ఇప్పుడు నయం. పిట్టల దొర స్కీముల ప్రచారంల, ఎలక్షన్ మీటింగులల్ల కనవడుతుండు, ఎవడు పిలిస్తే వానికి ఓడలు, రైళ్లు ఇప్పిస్తుండు. కట్టె తుపాకి అదే, మూతి తిరిగిన దిక్కే మారింది.

మా కాలనీ వాట్సాప్ గ్రూపుల గూడ అభివృద్ధి వచ్చింది. వాన పడ్డప్పుడు ఒకాయన మోరి పొంగిన ఫొటో పెట్టి ‘ఇది ఎవరి బాధ్యత’ అని రాసిండు. పది నిమిషాల్ల ఎనిమిది మంది దండం పెట్టిన బొమ్మలు పెట్టిన్రు, ఒకాయన ‘శుభోదయం’ అన్నడు, సాయంత్రం ఏడు గంటలకు. తెల్లారి అడ్మిన్ సార్ గ్రూప్‌ను ‘అడ్మిన్లు మాత్రమే’ చేసి, ‘నెగెటివిటీ వద్దు, మన కాలనీ మన గర్వం’ అని పెట్టిండు. ఆ ఫొటో పెట్టినాయనకు వచ్చే వారం శాలువ ఉంటదని నాకు గట్టి నమ్మకం.

నా అల్మారల ఇప్పటికి పదకొండు శాలువలున్నయ్. ఒకటి ఎండాకాలం అయినంక కూలర్ మీద కప్పుతం, ఒకటి మా ఆవిడ పప్పు డబ్బాల కింద పరిచింది. మిగిలినయి భద్రంగ ఉన్నయ్.

నిన్న ఆ కాలేజీ నుంచి మళ్ల ఫోన్ వచ్చింది. ఈ సెప్టెంబర్‌కు గూడ జడ్జిగ మీరే రావాలె సార్ అన్నరు. నిరుటి అనుభవంతోని రూల్స్ ఐదు చేసిన్రట, పిల్లలు వ్యాసం ముందే రాసి క్లాస్ టీచర్‌కు చూపెట్టి సంతకం తీసుకొని, పోటీ రోజు చూడకుండ రాయాల్నట. మంచిగున్నది అన్న. ఈసారి శాలువ ఏ రంగుదో అడుగుదామని నోటి దాక వచ్చింది గని, ప్రశ్న అడిగినట్టు ఉంటదని ఊకున్న.