హ్యాండిల్ మీద కొలువైన వైర్‌లెస్ దొరవారికి

వేగమూ దూరమూ చూపించే మహారాజశ్రీ సైకిల్ కంప్యూటర్ గారి సముఖానికి,

తమరిని మోసుకు తిరుగుతున్న సైక్లిస్టు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అంతా క్షేమం. నా మోకాళ్ల సంగతి తమరికి ఎటూ పట్టదు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

తమరి వంశం పెద్దదే. 1895లో కర్టిస్ వీడర్ అనే అమెరికన్ సైకిల్‌కి తగిలించే దూరమాపకం ఒకటి తయారుచేశాడు. చక్రం తిరిగిన ప్రతిసారీ స్పోక్‌కి బిగించిన చిన్న ముక్క వెళ్లి పళ్లచక్రాన్ని తట్టేది, లోపల అంకెలు జరిగేవి. ఆ పెద్దాయన బ్యాటరీ అడగలేదు. ఏ బటన్నీ మూడు సెకన్లు నొక్కి పట్టుకోమని హుకుం జారీ చేయలేదు.

తమరు చేసేదీ ఆ పనే. స్పోక్ మీద అయస్కాంతం, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ మీద సెన్సార్. సెన్సార్ కడుపులో చిన్న గాజుగొట్టం, అందులో రెండు సన్నని లోహపు రేకులు. అయస్కాంతం దగ్గరికొస్తే అవి అతుక్కుంటాయి, దాటిపోతే విడిపోతాయి. అతుక్కున్నప్పుడల్లా ఒక చుట్టు. 700 బై 23 సైజు టైరైతే చుట్టుకి 2096 మిల్లీమీటర్లు వేసుకోవడం, పట్టిన సమయంతో భాగించడం. ఐదో తరగతి పిల్లలు చేసే లెక్క. ఈ మాత్రానికి బెల్లుని పక్కకి నెట్టేసి హ్యాండిల్ నడిమధ్యన సింహాసనం వేయించుకున్నారు.

వైరున్న రోజుల్లో మీవాళ్లకి కాస్త జవాబుదారీతనం ఉండేది. సన్నని వైరు బ్రేకు కేబుల్‌ని చుట్టుకుంటూ పైకి వచ్చేది. అందవికారంగా ఉండేది, దేనికో ఒకదానికి తగులుకుని తెగేది కూడా. కానీ తెగితే తెగినట్టు కంటికి కనబడేది. ఇప్పుడు తమరు సున్నా చూపించారంటే నేను రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని దర్యాప్తు మొదలుపెట్టాలి. అయస్కాంతం జరిగిందా? సెన్సార్ పక్కకి తిరిగిందా? సెన్సార్‌లో బ్యాటరీ అయిపోయిందా, తమరిలోనిదా? ఒక వైరు పీకేసి, దాని బదులు రెండు బ్యాటరీలు పెట్టి, దీన్ని సౌకర్యం అన్న మహానుభావుడెవరో గానీ అమ్మడం తెలిసినవాడు.

ఇక తమరి చెవుల గురించి. తమరిది పాతకాలపు అనలాగ్ సిగ్నల్ కదా, సెన్సార్ మీటరు దూరంలో ఉన్నా సరిగా వినబడదు. అక్కర్లేనివి మాత్రం అన్నీ వినబడతాయి. రాత్రిపూట ఎల్ఈడీ హెడ్‌లైటు వెలిగిస్తే తమరికి పూనకం వస్తుంది. హై టెన్షన్ తీగల కింద నా టెన్షన్ నాకుంటే, తమరిది ఇంకో రకం. పక్కన ఇంకో సైక్లిస్టు వచ్చి చేరితే అతని కష్టం కూడా నా ఖాతాలో జమచేస్తారు. ఓసారి ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర ఒంటికాలు నేలకి ఆనించి నిలబడి ఉండగా తమరు గంటకి 74 కిలోమీటర్లు చూపించారు. అది గరిష్ఠ వేగం గడిలో అలాగే ఉండిపోయింది. తీసేయాలంటే ఆ ట్రిప్పు మొత్తం చెరిపేయాలట. నేను చెరపలేదు. ఎవరైనా చూసి కళ్లు పెద్దవి చేస్తే, బాగా వాలు రోడ్డండీ అంటున్నాను.

తమరి డిజిటల్ తమ్ముళ్లకి ఈ బాధ లేదు. బ్లూటూత్ వాళ్లూ, అలాంటిదే ఇంకో వైర్‌లెస్ పద్ధతి యాంట్ ప్లస్ వాళ్లూ 2.4 గిగాహెర్ట్జ్ మీద మాట్లాడుకుంటారు. ప్రతి సెన్సార్‌కీ దాని సొంత నంబరు ఉంటుంది. పెళ్లిచూపుల్లో జాతకాలు చూసినట్టు మొదట అవి చూసుకుని జత కడతారు, ఆ తర్వాత పక్కవాడి సెన్సార్ వైపు కన్నెత్తి చూడరు. తమరికి ఆ పట్టింపులేమీ లేవు.

ఇంతకీ తమరు తప్పు చెప్పినప్పటి కోపం కోపమే కాదు. ఒప్పు చెప్పినప్పుడు చూడాలి. పది కిలోమీటర్ల ఎక్కుడు గంటకి 15 చొప్పున ఎక్కాను. అదే దారిన 30తో దిగాను. సగటు ఇరవై రెండున్నర వస్తుందని ఏ మనిషైనా ఆశపడతాడు. తమరు 20 అన్నారు. ఎక్కడానికి 40 నిమిషాలు, దిగడానికి 20, వెరసి గంటలో 20 కిలోమీటర్లు. లెక్క సరిగ్గానే ఉంది, అందుకే ఒళ్లు మండింది. తమరు వచ్చాక ఊళ్లల్లో కొత్త జాతి ఒకటి పుట్టింది. 99.6 కిలోమీటర్ల దగ్గర ఇల్లు చేరి, లోపలికి పోకుండా, వంద అయ్యేదాకా చీకట్లో వీధి చుట్టూ ప్రదక్షిణలు చేసే జాతి. కుక్కలు కూడా వాళ్లని చూసి మొరగడం మానేశాయి.

కేలరీల గడి గురించి మర్యాదగా మాట్లాడటం కష్టం. తమరికి తెలిసింది చక్రం ఒక్కటే. నా గుండె తెలియదు, ఎత్తుపల్లాలు తెలియదు, ఎదురుగాలి తెలియదు. వేగాన్ని చూసి కేలరీలు కట్టేస్తారు. అంటే ఎదురుగాలిలో తల వంచి, నాలుక బయటపెట్టి తొక్కినవాడు సోమరి. పెడళ్లు కదపకుండా కొండ దిగినవాడు కష్టజీవి. వాన రోజున సైకిల్‌ని ట్రెయినర్ అనే కదలని స్టాండుకి బిగించి ఇంట్లో తొక్కితే వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, చెమట కింద మడుగు కడుతుంది. తమరి సెన్సార్ ఉన్నది ముందు చక్రం దగ్గర. సున్నా అని చూపించి కాసేపటికి నిద్రలోకి జారుకుంటారు.

బెల్జియం సైకిల్ వీరుడు ఎడ్డీ మెర్క్స్ 1972లో మెక్సికో సిటీ ట్రాక్ మీద గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. హ్యాండిల్ మీద తమరిలాంటి దొర ఒక్కరూ లేరు. లెక్క చూసే మనుషులు ట్రాక్ పక్కన ఉన్నారు, ఆయన పని ఆయన చేసుకున్నాడు.

ఇవన్నీ సర్దుకుపోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. తమరి ఆహారం సీఆర్2032 అనే బిళ్ల. మూడు వోల్టులు, 20 మిల్లీమీటర్ల వెడల్పు. మొన్న తెర మసకబారితే నాణెంతో మూత తిప్పి కొత్తది వేశాను. తమరు కళ్లు తెరిచి, మొత్తం దూరం సున్నా అన్నారు. కొన్న రోజు నుంచి తొక్కిందంతా పోయింది. మాన్యువల్ తిరగేస్తే భూతద్దానికి మాత్రమే అందే అక్షరాల్లో ఉంది: బ్యాటరీ మార్చేముందు మొత్తం దూరాన్ని కాగితం మీద రాసుకోవాలట. నేను కాగితం మీద రాసుకునేటట్టయితే తమరి కొలువెందుకు? మీ జాతిలో కొందరికి పాత అంకెను మళ్లీ ఎక్కించుకునే సదుపాయం ఉందట. తమరికి అదీ లేదు. తెర మీద సున్నాలు మాత్రం చాలా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

కాబట్టి మనవి ఏమిటంటే, ఇకపై తమరు కాస్త తగ్గి ఉండాలి. బెల్లు మళ్లీ మధ్యకి వస్తుంది. తమరు బ్రేకు లివరు పక్కన సర్దుకోగలరు.

ఇట్లు,
తమరి లెక్కలో ఒక ముందు చక్రం

తా.క.: బ్యాటరీ మార్చినప్పటి నుంచి తమరు వేగం మైళ్లలో చూపిస్తున్నారు. ఆ అంకె మరీ చిన్నగా ఉంటోంది. రేపు ఉదయం నలుగురితో కలిసి వెళ్లాలి, దయచేసి ఈ రాత్రికే కిలోమీటర్లలోకి రాగలరు.