పోపులపెట్టెలోని మందుకూ మోతాదు ఉంటుంది

జలుబుకు మిరియాల పాలు, కడుపుబ్బరానికి వాము, పంటినొప్పికి లవంగం, వేవిళ్లకు అల్లం: తెలుగు ఇళ్లలో వైద్యుడి కంటే ముందు పలికేది పోపులపెట్టే. ఈ వాడుకల్లో కొన్నింటికి గట్టి ఆధారమే ఉంది. లవంగనూనెలోని యూజినాల్ దంతవైద్యంలో నేటికీ వాడుకలో ఉంది. గర్భిణుల వికారాన్ని అల్లం కొంతమేర తగ్గిస్తుందని పరీక్షల్లో తేలింది. కాబట్టి వీటిని పెద్దల చాదస్తమని కొట్టిపారేయడం అన్యాయం. నా అభ్యంతరమల్లా, కూరలో వేసుకునే దినుసును గాఢమైన మందుగా మార్చి, రోజూ తినేదే కదా అన్న ధీమాతో మింగడంపైనే.

పసుపు సంగతే చూద్దాం. గాయాలు మాన్పడానికి పసుపు వాడే పద్ధతిపై 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ దక్కింది. మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) ప్రాచీన గ్రంథాలనూ, 1953 నాటి వైద్య పత్రికా వ్యాసాన్నీ సాక్ష్యంగా చూపి పోరాడడంతో 1997లో అది రద్దయింది. గర్వపడాల్సిన విజయమే. అయితే అక్కడ తేలింది ఆ వాడుక కొత్తది కాదన్న విషయం ఒక్కటే. ఎవరికి, ఎంత, ఎన్నాళ్లు ఇవ్వాలన్నది ఆ వివాదంలో చర్చకే రాలేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. పసుపుకు మందుగుణం ఇస్తుందని చెప్పే కర్క్యుమిన్ అనే పదార్థం అందులో ఉండేది సుమారు 3 శాతం, అందులోనూ రక్తంలోకి చేరేది అతి స్వల్పం. మిరియాలలోని పైపరిన్‌ను జోడిస్తే ఈ శోషణ 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు ప్రకటించారు. నేడు మార్కెట్లో దొరికే అనేక పసుపు క్యాప్సూళ్లలో మిరియాల సారం కలపడానికి కారణం ఇదే. కానీ పైపరిన్ పసుపును ఒక్కదాన్నే లోపలికి పంపి ఊరుకోదు. మందులను విచ్ఛిన్నం చేసి బయటికి పంపే శరీర వ్యవస్థను అది మందగింపజేస్తుంది కనుక, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, గుండెజబ్బులకు ఇచ్చే ప్రొప్రనొలాల్ వంటివి రక్తంలో ఎక్కువ మోతాదులో నిలిచే అవకాశం ఉంది. చారులో పడే నాలుగు మిరియాలతో ఈ బెడద లేదు. పసుపు క్యాప్సూళ్లు వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు ఇటలీలోనూ, అమెరికాలోనూ నమోదయ్యాయి. కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం తాగినవారిలో అలాంటి కేసులనే ముంబై వైద్యులు 2021లో నివేదించగా, తిప్పతీగకు ఆ దోషం అంటగట్టడాన్ని ఆయుష్ మంత్రిత్వ శాఖ తప్పుపట్టింది. ఆ వాదన ఎలా తేలినా, నెలల తరబడి కషాయం తాగేవారు కాలేయ పరీక్ష చేయించుకోవడంలో నష్టం లేదు.

కల్తీ మరో ప్రమాదం. పసుపు రంగు మెరుగు కోసం సీసం ఉండే లెడ్ క్రోమేట్‌ను పూసే దురాచారం బంగ్లాదేశ్‌లో బయటపడింది. పిల్లల మెదడుకు సీసం ఎంత కీడు చేస్తుందో తెలిసినవారు, ఆరోగ్యం కోసమే పిల్లలకు పసుపు పాలు పట్టించే ఇళ్లలో ఇదెంత ఘోరమో ఊహించగలరు. 2025లో నిజామాబాద్ కేంద్రంగా ఏర్పడిన జాతీయ పసుపు బోర్డు ధర, ఎగుమతులతోపాటు సీసం పరీక్షలనూ తన బాధ్యతగా తీసుకోవాలి. క్యాప్సూళ్ల సీసాలపై కర్క్యుమిన్, పైపరిన్ ఎన్ని మిల్లీగ్రాములో, ఏ మందులు వాడేవారు వాటికి దూరంగా ఉండాలో తెలుగులో ముద్రించాలి. వైద్యులు కూడా మందుచీటీ రాసేముందు ఇంట్లో ఏ కషాయం, ఏ చూర్ణం వాడుతున్నారో కసురుకోకుండా అడగాలి; కసురుకుంటే రోగి దాచిపెడతాడు.