ఇద్దరు యజమానులు, ఒకే కలం

'మెట్రోపాలిస్' చూసినవాళ్లకు చివరి దృశ్యం గుర్తుండే ఉంటుంది. చర్చి ముందు ఒకవైపు మహానగరాన్ని ఏలే యజమాని, ఇంకోవైపు కార్మికుల ఫోర్‌మన్. ఇద్దరికీ చెయ్యి ముందుకు రాదు. యజమాని కొడుకు మధ్యలోకి వచ్చి ఆ రెండు చేతులూ కలుపుతాడు. మెదడుకూ చేతులకూ మధ్య హృదయం ఉండాలన్న వాక్యంతో సినిమా ముగుస్తుంది. 1927 జనవరిలో బెర్లిన్‌లో విడుదలైన ఈ సినిమాకు దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్. కథ, స్క్రీన్‌ప్లే ఆయన భార్య థియా వాన్ హార్బూవి. ఆరేళ్లకు లాంగ్ జర్మనీ వదిలి వెళ్లిపోయారు. థియా అక్కడే ఉండిపోయారు. నాజీ పార్టీలో చేరారు, హిట్లర్ కాలమంతా సినిమాలు రాశారు, రెండింటికి దర్శకత్వమూ వహించారు.

ఈ దంపతుల విషయంలో సినిమా చరిత్ర తేలికైన పంపకం ఒకటి చేసేసింది. ఆ సినిమాల్లో గొప్పదంతా లాంగ్ వాటా, ఇబ్బంది పెట్టేదంతా హార్బూ వాటా. ఆ 'హృదయం' మాట వట్టి కట్టుకథ అని లాంగే తర్వాత అన్నారు. అయితే తీసింది తానే కాబట్టి కనీసం సగం బాధ్యత తనదని కూడా ఒప్పుకున్నారు. ఆ రెండో మాటను ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

హార్బూ రాజకీయాలు ఎక్కడ మొదలయ్యాయో తెలియాలంటే ఆమె పార్టీ కార్డు వెతకనక్కర్లేదు, ఆ కరచాలనాన్ని మళ్లీ ఒకసారి చూస్తే చాలు. కార్మికులు పది గంటల షిఫ్టుల్లో యంత్రాలకు బలైపోతుంటారు. ఆ బాధను సినిమా ఎంత బలంగా చూపిస్తుందంటే, ఇప్పుడు చూసినా గుండె బరువెక్కుతుంది. కానీ వాళ్లు తిరగబడేది ఎవరి మాట విని? మనిషి రూపం తొడిగిన ఒక మరబొమ్మ రెచ్చగొడితే. యంత్రాలు పగలగొట్టి, తమ పిల్లలున్న పాతాళ నగరాన్నే వరదలో ముంచేస్తారు. అంటే ఆకలి నిజమే, తిరుగుబాటు మాత్రం ఎవరో ఎక్కించిన మత్తు. ఇక పరిష్కారం దొర మనసు కరగడమే. షిఫ్టు తగ్గిందా, కూలి పెరిగిందా, ఆ నగరం ఇప్పుడు ఎవరిది? ఆ ప్రశ్నలేవీ సినిమా వేసుకోదు.

పదేళ్ల తర్వాత అదే కలం ఇంకో యజమానిని సృష్టించింది. 1937లో వైట్ హార్లాన్ దర్శకత్వంలో వచ్చిన 'డెర్ హెర్షర్' (పాలకుడు అని అర్థం) స్క్రీన్‌ప్లేను హార్బూ మరొకరితో కలిసి రాశారు. హార్లాన్ ఎవరో గుర్తు చేయాలి. 1940లో యూదుల మీద ద్వేషం నూరిపోసిన 'యూద్ జ్యూస్' తీసినవాడు. జర్మన్ రచయిత గెర్హార్ట్ హౌప్ట్‌మన్ నాటకం ఆధారంగా తీసిన 'డెర్ హెర్షర్'లో నటుడు ఎమిల్ యానింగ్స్ ఉక్కు కర్మాగారాల అధిపతి. భార్య పోయాక తన దగ్గర పనిచేసే యువతిని ఇష్టపడతాడు. ఆస్తి పోతుందన్న భయంతో పిల్లలు ఆయనకు మతి చలించిందని తేల్చాలని చూస్తారు. నాటకంలో ఆ వృద్ధుడి కథ విషాదంగా ముగుస్తుంది. సినిమాలో ఆయన గెలుస్తాడు. పిల్లల్ని కాదని కర్మాగారాన్ని జాతికి రాసిచ్చేసి, నాయకుడిగా పుట్టినవాడికి తన ప్రతిభ తప్ప వేరే గురువు అక్కర్లేదని ప్రకటిస్తాడు. ఆ ఏడాది జర్మనీ జాతీయ చలనచిత్ర పురస్కారం ఈ సినిమాకే దక్కింది.

ఇద్దరు యజమానుల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. 1927లో దొర దగ్గరికి హృదయాన్ని మోసుకెళ్లడానికి మధ్యవర్తి కావాల్సి వచ్చాడు. 1937కి ఆ మధ్యవర్తితో పని లేదు. దొరే హృదయం, దొరే జాతి. ఇందులో నాకు మలుపేమీ కనిపించదు. ఉన్న దారిలోనే ఆమె ఇంకాస్త ముందుకు నడిచారు. లాంగ్, హార్బూ కలిసి తీసిన 'నీబెలుంగెన్' సినిమాను 1924లోనే జర్మన్ ప్రజలకు అంకితమిచ్చారు. 1933 మార్చిలో సినిమావాళ్లను పిలిచి మాట్లాడిన హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్ తనకు నచ్చిన చిత్రాల్లో దాన్ని లెక్కపెట్టాడు. చిత్రమేమిటంటే, వాళ్లిద్దరిదే అయిన 'డాక్టర్ మబూజె వీలునామా'ను ఆ నెలాఖరులోనే నిషేధించారు. తల్లి యూదు కుటుంబంలో పుట్టిన లాంగ్‌కు ఇక అక్కడ చోటు లేదు. ఆ ఏప్రిల్‌లోనే విడాకులయ్యాయి.

ఇక్కడ మనవాళ్లు ఇష్టంగా చెప్పుకునే ఇంకో కథ ఉంది. విడాకులకు ముందే ఆమె జీవితంలోకి జర్మనీలో చదువుకుంటున్న మరాఠీ యువకుడు అయీ గణపత్ టెండూల్కర్ వచ్చారు. ఆమెకన్నా సుమారు పదిహేడేళ్లు చిన్న. బహిరంగంగా పెళ్లి చేసుకునే వీలు లేక రహస్యంగా చేసుకున్నారని తర్వాత ఆయన కుమార్తె రాశారు. యుద్ధానికి ముందే ఆయన భారత్‌కు తిరిగొచ్చేశారు. 1945లో ఆయన ఇందుమతి గుణాజీని గాంధీ సమక్షంలో పెళ్లాడారు. యుద్ధం ముగిశాక హార్బూ తన వంతుగా చెప్పిన సంజాయిషీ కూడా భారతీయుల చుట్టూ తిరిగేదే. జర్మనీలో ఉన్న భారతీయులకు సాయపడేందుకే పార్టీలో చేరానన్నారు.

సాయం చేసి ఉండవచ్చు, దాన్ని నేను కాదనను. 1931లో గర్భస్రావాన్ని నేరంగా చూసే చట్టానికి వ్యతిరేకంగా గొంతెత్తింది కూడా ఆమే, అదీ మరచిపోకూడదు. కానీ మన దేశపు మనిషిని ప్రేమించినందుకు ఆమెకు మనం క్షమాపత్రం రాసివ్వలేం. తెలిసిన ఒక్కరిని మినహాయించి, తెలియని లక్షల మంది వంతు వచ్చినప్పుడు మౌనంగా ఉండటానికి ఆ భావజాలంలో ఎప్పుడూ చోటుంది. బెర్లిన్ నుంచి యూదు కళాకారుల్ని తరిమేస్తున్న సంవత్సరాల్లో ఆమె స్టూడియోల్లో తీరిక లేకుండా ఉన్నారు. అక్కడ తన ఇంటివాడికి ఇచ్చిన ఆశ్రయం లెక్కకు రాదు.

ఓటమి తర్వాత బ్రిటిష్‌వాళ్లు ఆమెను కొన్ని నెలలు నిర్బంధించారు. విడిచిపెట్టాక కూలిన బెర్లిన్‌లో శిథిలాలు ఎత్తే పనిచేశారు. 1954లో, లాంగ్‌తో కలిసి చేసిన పాత మూకీ 'డెర్ ముయ్‌డె టోడ్' (అలసిన మృత్యువు అని అర్థం) ప్రదర్శనకు వెళ్లి, బయటికొస్తూ పడిపోయారు. ఆ గాయంతోనే జులై 1న కన్నుమూశారు.

పంపకం మాట మొదట ఎత్తాను కాబట్టి ఇదీ చెప్పాలి. 1918లో ఆమె రాసిన 'భారతీయ సమాధి' నవలను 1921లో లాంగ్ తీయాల్సింది, అవకాశం దర్శకుడు జో మే చేతికి వెళ్లింది. హాలీవుడ్‌లో రెండు దశాబ్దాలు గడిపిన లాంగ్ జర్మనీకి తిరిగొచ్చి, ఉదయపూర్‌లో కెమెరా పెట్టి, 1959లో ఆ కథనే రెండు భాగాలుగా తీశారు.