తుఫాను పటం మీది నడిమి గీత గారికి

గీత గారూ, నమస్కారం.

2025 అక్టోబరు 28 రాత్రి తమరు మొంథా తుఫానును వెంటేసుకుని మచిలీపట్నానికీ కాకినాడకీ మధ్య తీరం దాటి, టీవీల్లోంచి దర్జాగా దిగిపోయారు. మేం హనుమకొండలో ఇంకా సెల్లార్‌లోంచి నీళ్ళు తోడుకుంటున్నాం. మోటారుకు డీజిల్ తేవడానికి పిల్లోడు వెళ్ళాడు, ఈలోపు తమరితో రెండు ముక్కలు.

తుఫాను దారిని అంచనా వేసే అమెరికా కంప్యూటర్ మోడల్‌దో గీత, యూరప్ మోడల్‌దో గీత, అన్నీ కలిపి చూస్తే ప్లేటులో ఒలకబోసిన సేమ్యా. ఉపగ్రహం బొమ్మకు రంగులేసి వణుకు గొంతుతో వీడియోలు చేసేవాళ్ళకు ఉత్తరం విడిగా రాస్తాను.

నా గొడవ తమరితోనే. తుఫాను కేంద్రం ఎటు పోతుందో, అంతవరకే తమరు చెప్పేది. చుట్టూ గీసే ఆ శంకువు కూడా అంతే, కేంద్రం అందులో ఎక్కడైనా ఉండొచ్చని అర్థం, వాన అక్కడే ఆగిపోతుందని కాదు. ఈ ముక్క తమరి పక్కనే పెద్దక్షరాల్లో రాయించుకుంటే ఏం పోయేది? మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ జూమ్ చేసి మరీ చూపించాడు, "గీత మనకు ఎంత దూరముందో చూడండి సార్, పరేషాన్ కావొద్దు" అని. 29 పొద్దున టీవీలో "బలహీనపడింది" అని స్క్రోలింగ్ రాగానే బయట పెట్టిన బండ్లన్నీ మళ్ళీ సెల్లార్‌లోకి దింపించాడు. బలహీనపడింది గాలి కదయ్యా! మోసుకొచ్చిన తేమ ఎక్కడికి పోతుంది? అంతా మా నెత్తిన గుమ్మరించింది. నా స్కూటీ సీటు దాకా మునిగింది. మెకానిక్ దాన్ని వెనక్కి వంచితే సైలెన్సర్‌లోంచి ఎర్రనీళ్ళు బుడబుడా కారాయి. "ఇంజన్ల నీళ్ళు పోయినయన్నా, మొత్తం విప్పాలె" అన్నాడు.

ఇదేమన్నా కొత్తా? 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మునిగింది మాత్రం చెన్నై, అదీ 3, 4 తేదీల్లోనే, గీత ఇంకా సముద్రంలో ఉండగానే. అప్పుడైనా సిగ్గు రావద్దా నీకు? అవును, నీకే. ఇంక గారూ లేదు గీరూ లేదు. ఉపగ్రహం బొమ్మలో తెల్లటి మబ్బు రాష్ట్రాలకు రాష్ట్రాలనే కప్పేసి కనిపిస్తుంటే జనం కళ్ళన్నీ నీ మీదే. వాతావరణ శాఖ పాపం జిల్లాలవారీగా ఎరుపు, నారింజ రంగులేసి వాన పటం ఇస్తుంది. దాన్ని ఎవడూ ఫార్వర్డ్ చేయడు, అందులో థ్రిల్ లేదట!

నిన్ను చెరిపేయమని మాత్రం అనను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు అక్కడి జనం చేతుల్లో నీలాంటి గీత లేదు, వేలమంది పోయారు. ఇప్పుడు నిన్ను చూసే తీరంలో ఊళ్ళు ఖాళీ చేయిస్తున్నారు. అక్కడ ఉండు, నీ అవసరం ఉంది. మా వైపుకొచ్చేసరికి మాత్రం పక్కకు జరిగి ఆ వాన పటాన్ని ముందుకు రానివ్వు. లేదంటే ఇంజన్ బిల్లు నీ పేరునే పంపిస్తా. నీ అడ్రసు ఎలాగూ మూడు గంటలకోసారి బులెటిన్‌లో వేస్తారుగా.