సవరణ: నక్షత్ర తాబేలు పెంపకం గురించి

కొన్న రసీదు ఉంటే నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచుకోవచ్చని గత వ్యాసంలో రాశాను, అది తప్పు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ ఈ జీవిని మొదటి షెడ్యూలులో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితాలో చేర్చింది కనుక, దాన్ని అమ్మడం, కొనడం నేరమే. దుకాణదారు రసీదు మనల్ని కాపాడదు. చిప్ప మీది గడుల్లో వలయాలను లెక్కపెడితే వయసు తెలుస్తుందన్న మాట కూడా నమ్మదగింది కాదు: మేత బాగా దొరికిన ఏడాది ఒకటికి మించి వలయాలు పడవచ్చు, ముసలితనంలో అవి అరిగి నున్నబడతాయి. అన్నిటికన్నా నన్ను బాధిస్తున్నది దాన్ని నీళ్ల తొట్టిలో ఉంచమని నేనిచ్చిన సలహా. ఇది నేలమీది తాబేలు, లోతు నీళ్లలో వదిలితే మునిగి చనిపోతుంది. ఇప్పటికే దగ్గరున్నవారు ఏ చెరువు గట్టునో వదిలేయకుండా అటవీ శాఖకు అప్పగించాలి.