బోరోహైడ్రైడ్ పొడి: 18.5 శాతం నిజమే, మిగతాది కాదు

"లిథియం బోరోహైడ్రైడ్ అనే తెల్ల పొడి బరువులో 18.5 శాతం హైడ్రోజనే. కొంచెం వేడి చేస్తే మొత్తం బయటికొస్తుంది. అయిపోయాక అయిదు నిమిషాల్లో మళ్లీ నింపుకోవచ్చు. 700 బార్ల సిలిండర్లతో పనే లేదు. కార్ల కంపెనీలు దీన్ని తొక్కిపెట్టాయి." హైడ్రోజన్‌తో నడిచే కార్ల గురించి ఈ సందేశం తెగ తిరుగుతోంది. (బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉండే గాలి పీడనమంత; ఆ కార్లలో హైడ్రోజన్‌ను 700 బార్ల దాకా నొక్కి సిలిండర్లలో నింపుతారు.) నమ్మినవాళ్లను తప్పుపట్టలేం, ఎందుకంటే మొదటి వాక్యం అక్షరాలా నిజం. చిక్కంతా ఆ తర్వాతి మాటలతోనే.

"మొత్తం బయటికొస్తుంది." రాదు. ఈ పొడిలో ఒక లిథియం, ఒక బోరాన్‌తో కలిసి ఉండే నాలుగు హైడ్రోజన్ పరమాణువుల్లో మూడే వస్తాయి. నాలుగోది లిథియం హైడ్రైడ్‌గా లోపలే ఉండిపోతుంది, దాన్ని కదిలించాలంటే 900 డిగ్రీల దాకా వెళ్లాలి. అంటే చేతికొచ్చేది 13.8 శాతం. అదీ తక్కువేం కాదు, కానీ 18.5 మాత్రం కాదు.

"కొంచెం వేడి చేస్తే." ఈ పొడి 280 డిగ్రీల దగ్గర కరుగుతుంది. హైడ్రోజన్ చెప్పుకోదగ్గ మోతాదులో రావాలంటే 400 దాటాలి. కార్లలో హైడ్రోజన్ నుంచి కరెంటు తయారుచేసే ఫ్యూయల్ సెల్ నడిచేది 80 డిగ్రీల దగ్గర, కాబట్టి దాని నుంచి వృథాగా పోయే వేడి ఇక్కడ అక్కరకు రాదు. వచ్చిన హైడ్రోజన్‌లోనే కొంత కాల్చుకోవాలి. ఎంత? ఒక మోల్ (2 గ్రాముల) హైడ్రోజన్‌ను విడిపించడానికి సుమారు 70 కిలోజౌళ్లు కావాలి, దాన్ని వాడితే వచ్చేది 242. పావు వంతుకు పైగా దారిలోనే ఖర్చు.

మరి లిథియం బదులు, హైడ్రోజన్‌ను తేలిగ్గా వదిలే మరో లోహపు బోరోహైడ్రైడ్‌ను ఎంచుకోవచ్చు కదా? జింక్ బోరోహైడ్రైడ్ తక్కువ వేడికే విడిపోతుంది. కానీ హైడ్రోజన్‌తో పాటు డైబోరేన్ అనే విషవాయువు వస్తుంది, ఆ దారిన బోరాన్ కూడా పోతుంది. ఇక నింపడానికి మిగిలేదేముంది?

"అయిదు నిమిషాల్లో నింపుకోవచ్చు." నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ మాటే. మిగిలిన లిథియం హైడ్రైడ్, బోరాన్‌లను తిరిగి బోరోహైడ్రైడ్‌గా మార్చిన ప్రయోగాల్లో 600 డిగ్రీల వేడి, 350 బార్ల పీడనం వాడారు, గంటల సమయం పట్టింది. మెగ్నీషియం రకానికైతే 400 డిగ్రీల దగ్గర 900 బార్లకు పైనే కావలసి వచ్చింది. సిలిండర్ వద్దనుకుని ఈ పొడి దగ్గరికొస్తే, సిలిండర్‌ను మించిన పీడనం ఎదురైంది. పైగా విడిపోయేటప్పుడు ఎంత వేడి పీల్చుకుందో, చేరేటప్పుడు అంతా బయటికి కక్కుతుంది. 5 కిలోల హైడ్రోజన్‌కు అది దాదాపు 175 మెగాజౌళ్లు. అయిదు నిమిషాల్లో నింపాలంటే కారు కింద నుంచి సెకను సెకనుకూ 580 కిలోజౌళ్ల చొప్పున వేడిని లాగేయాలి. ఎంత మంచి ఉత్ప్రేరకం కలిపినా వేగం పెరగొచ్చు గానీ ఈ లెక్క మారదు. లెక్క మారాలంటే రసాయన చర్యనే మార్చాలి. 2005లో ఆ ప్రయత్నం జరిగింది: మెగ్నీషియం హైడ్రైడ్ కలిపితే చివర్లో మెగ్నీషియం డైబోరైడ్ ఏర్పడి, కావలసిన వేడి మోల్‌కు దాదాపు 25 కిలోజౌళ్లు తగ్గింది. నింపడం కూడా సులువైంది. నిజమైన ముందడుగు అది. అయినా 300 డిగ్రీల పైమాటే, వేగమూ చాలలేదు.

నీళ్లలో పొడి వేయగానే బుడగలు వచ్చే వీడియోను దీనికి రుజువుగా చూపిస్తున్నారు. అది వేడితో విడిపోవడం కాదు, సోడియం బోరోహైడ్రైడ్ నీటితో జరిపే చర్య. ఉత్ప్రేరకం ఉంటే గది వేడిమిలోనే జరుగుతుంది, నిజంగా చక్కటి చర్య. కానీ మిగిలేది సోడియం మెటాబోరేట్. దానిలోకి హైడ్రోజన్‌ను పంపు పెట్టి ఎక్కించలేం, వెనక్కి ఫ్యాక్టరీకి తీసుకెళ్లి ఎంతో శక్తి ఖర్చుపెట్టి మళ్లీ తయారుచేయాలి.

"తొక్కిపెట్టాయి" అనే మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. కార్ల కంపెనీ డైమ్లర్‌క్రైస్లర్ 2001లో ఈ సోడియం బోరోహైడ్రైడ్‌తోనే నడిచే నేట్రియం అనే వ్యాన్‌ను అందరి ముందూ ప్రదర్శించింది. 2007లో అమెరికా ఇంధన శాఖ, వాహనాల కోసం ఈ నీటి పద్ధతిపై పని ఆపేయాలని బహిరంగంగానే తేల్చింది. వాడేసిన బోరేట్‌ను తిరిగి ఇంధనంగా మార్చడానికయ్యే శక్తి, ఖర్చు అందులో పెద్ద అడ్డంకి.