రంగం ఓడలకు పూచీ ఎవరిది?

బంగాళాఖాతం మీద సాగిన వర్తకాన్ని, వలసలను వివరించేవారు సాధారణంగా రుతుపవనాలతో మొదలుపెడతారు. ఏ నెలలో గాలి ఓడను ఎటు తీసుకుపోతుందో తెలిసినందువల్లే మన నావికులు ఒడ్డు విడిచి నడిసముద్రంలోకి వెళ్లగలిగారన్నది నిజం. శాతవాహనుల నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ కనిపిస్తుంది. రెండో శతాబ్దానికి చెందిన గ్రీకు భూగోళ శాస్త్రజ్ఞుడు టాలెమీ, సువర్ణభూమికి (ఆగ్నేయాసియాకు) పోయే ఓడలు తీరాన్ని వదిలి బయలుదేరే చోటును ఆంధ్ర తీరానికి దగ్గరలోనే గుర్తించాడు. అయితే గాలులు అన్ని కాలాల్లోనూ అవే గాలులు. రేవులు మాత్రం కొన్ని తరాలు వెలిగి ఆ తర్వాత మూతపడ్డాయి. ఇసుక మేటలు, ఉప్పెనలు అందుకు కొంతవరకే కారణం. ఓడ మునిగితే నష్టం ఎవరిది, ఓడెక్కిన మనిషికి ఆపద వస్తే అడిగే దిక్కెవరు అన్న ప్రశ్నలకు ఆయా కాలాల్లో దొరికిన సమాధానాన్ని బట్టే మనవాళ్లు రంగం అని పిలిచిన రంగూన్ దారితో సహా సముద్ర మార్గాల స్వభావం మారిందని నా అభిప్రాయం.

ఈ ప్రశ్నకు రాతపూర్వకమైన జవాబు ఆంధ్ర తీరంలోని పాత రేవు మోటుపల్లిలో ఉంది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం, వెనుకటి రాజుల తీరును దాచకుండా చెబుతుంది. తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను ఆ రాజులు బలవంతంగా లాక్కునేవారట. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రయానానికి తెగించిన వర్తకుల సొత్తులో, నిర్ణయించిన సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదిలేస్తున్నామని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతులకూ దిగుమతులకూ సుంకం ముప్పైలో ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టునూలు, మిరియాలు, పోకచెక్కల మీద ఎంత తీసుకోవాలో కూడా శాసనంలోనే చెక్కించాడు. ఇది కేవలం రాజుగారి దయాగుణం అనుకుంటే పొరపాటు. ఎంత కట్టాలో ముందే తెలిస్తే వర్తకుడు లెక్క వేసుకుని వస్తాడు, వర్తకుడు వస్తే ఖజానా నిండుతుంది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు ఈ సీమను ముత్ఫిలి అన్న పేరుతో వర్ణించిన మార్కో పోలో ఇక్కడి వజ్రాలనూ, సాలెపురుగు నేతలాంటి సన్నని బట్టలనూ మెచ్చుకున్నాడు. కొండవీటి రెడ్డిరాజులు 1358లో అదే మోటుపల్లిలో మళ్లీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించవలసి వచ్చింది. రాజ్యం మారినప్పుడల్లా పూచీని కొత్తగా రాసివ్వాలన్నమాట.

గోల్కొండ కాలంలో ఆ స్థానం మచిలీపట్నానికి దక్కింది. అక్కడి కలంకారీ బట్టలు పర్షియాకూ, ఆగ్నేయాసియా రేవులకూ వెళ్లాయి. డచ్చివారు, ఆ వెనుక 1611లో ఇంగ్లీషువారు వచ్చి కోఠీలు (వర్తక స్థావరాలు) పెట్టారు. ఈ కథ చాలామందికి తెలిసినదే.

అంతగా చర్చకు రానిది పంతొమ్మిదో శతాబ్దంలో సరుకు స్థానంలో మనిషి ఓడెక్కిన ఘట్టం. 1852లో దిగువ బర్మా బ్రిటిష్ వారి చేతికి చిక్కింది. ఐరావతి డెల్టాలో అడవులు నరికి వరి వేశారు. బియ్యం మిల్లులకు, రంగూన్ రేవుకు కూలీలు కావలసి వచ్చారు. 1856లో కలకత్తా నుంచి బర్మాకు ఆవిరి ఓడలు నడపడానికి పుట్టిన కంపెనీయే 1862లో బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా మారింది. ఆవిరి ఓడకు గాలితో పని లేదు కాబట్టి విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడల నుంచి రంగూన్‌కు ప్రయాణం కొద్ది రోజుల వ్యవహారమైంది. ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల వాళ్లు ‘రంగం’ వెళ్లి రెండు మూడేళ్లు కష్టపడి తిరిగి రావడం ఇంటింటి ముచ్చటగా మారింది. 1839 ఉప్పెనకు దెబ్బతిన్న కోరంగి రేవు పేరు మాత్రం బర్మాలో మిగిలింది. అక్కడ తెలుగు కూలీలందరినీ ‘కోరంగీలు’ అనే పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే.

ఈ ప్రయాణానికి పెట్టుబడి పెట్టినవాడు మేస్త్రీ. ఊళ్లో బయానా ఇచ్చేదీ, టికెట్ కొనేదీ, రంగూన్‌లో ఇరుకు గదిలో చోటు చూపేదీ అతనే. రేవులో ఓడ కంపెనీ ఇచ్చిన కూలి డబ్బు కాంట్రాక్టరు నుంచి పెద్ద మేస్త్రీకి, అతని నుంచి ముఠా మేస్త్రీకి, చివరకు మూట మోసినవాడికి చేరేది. దారిలో ప్రతి చేయీ కొంత పట్టుకునేది. పని దొరకని రోజున, జ్వరం వచ్చిన రోజున కూడా బాకీ కదలకుండా ఉండేది. మోటుపల్లిలో రాజు తగ్గించిన నష్టభయం ఇక్కడ అప్పు రూపంలో కూలీ నెత్తిన పడింది.

చట్టం మేస్త్రీకి ఎందుకు అడ్డుపడలేదన్నదే అసలు విషయం. దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు, మారిషస్, ఫిజీలకు గిర్మిట్ (కూలీ ఒప్పందం) కింద వెళ్లినవారి బతుకు దుర్భరమే. అయినా వారికి పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలతో సహా రాసిన చీటీ ఉండేది, వలసదారుల రక్షణాధికారి అనేవాడు ఒకడు ఉండేవాడు. 1937 వరకు బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం కాబట్టి అక్కడికి వెళ్లడం విదేశీ వలస కిందికి రాలేదు. అలా మన తీరం నుంచి సాగిన అతిపెద్ద ప్రవాహం వలస చట్టానికి బయట ఉండిపోయింది. నటాల్ వెళ్లిన ముత్తాత పేరు ఓడ జాబితాలో వెతికి పట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. రంగం వెళ్లిన కూలీల వారసులకు ఆ అవకాశం అరుదు.

1930 మే నెలలో గాంధీ అరెస్టు తర్వాత రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. యజమానులు బర్మీయులను పనిలోకి తెచ్చారు. సమ్మె ముగిశాక పాతవారిని పిలిచి వీరిని పొమ్మన్నారు. ఆ రోజు మొదలైన అల్లర్లలో చనిపోయినవారిలో ఎక్కువమంది భారతీయులు. దీన్ని జాతి వైరంగా మాత్రమే చూడడం తేలిక. ఇద్దరు పేదవాళ్లను ఒకే మూటకు పోటీ పెట్టి, చౌకగా దొరికినవాడిని తీసుకున్న ఏర్పాటును పక్కన పెడితే ఆ వైరం అర్థం కాదు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఆపైన లక్షలాది భారతీయులు అరకాన్, మణిపూర్, అస్సాం కొండదారుల్లో నడిచి వచ్చారు. వేలమంది దారిలోనే కలరాకు, ఆకలికి బలయ్యారు. ఓడలో చోటు మొదట దొరికింది డబ్బున్నవారికీ, పలుకుబడి ఉన్నవారికీ. డెబ్బై, ఎనభై ఏళ్లపాటు కూలీలను చేరవేసి లాభం గడించిన మార్గం, వారికి అవసరమైన ఆ కొద్ది వారాల్లో అందకుండా పోయింది.

మిగిలినవారిని 1960లలో సైనిక ప్రభుత్వం దుకాణాలు జాతీయం చేసి పంపించివేసింది. సంపాదన అక్కడే వదిలేయించి దాదాపు కట్టుబట్టలతో ఓడ ఎక్కించింది. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ కాందిశీకుల వల్ల వెలిసినదే. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగివచ్చిన వారి పునరావాసం కోసం 1969లో కేంద్రం మద్రాసులో ఒక సహకార బ్యాంకును పెట్టించింది. రంగం ప్రయాణీకుడికి మేస్త్రీ కాకుండా ప్రభుత్వం అప్పు ఇవ్వజూపింది అప్పుడే. అప్పటికి ఆ మార్గంలో కూలీల రాకపోకలు పూర్తిగా ఆగిపోయాయి.